కుడివైపు సీటు

ఉదయం ఏడున్నరకి శ్యామ్‌సుందర్ డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచాడు. నాలుగు మూలలా బరువులు పెట్టాడు. ఉప్పు డబ్బా, కళ్ళజోడు పెట్టె, కాఫీ కప్పు, ఆవకాయ జాడీ. జాడీ వచ్చి ఐర్లండ్ మీద కూర్చుంది. దాన్ని అట్లాంటిక్ సముద్రంలోకి జరిపాడు.

"కుమారీ, పద్నాలుగో రోజు," అన్నాడు.

కృష్ణకుమారి స్టవ్ దగ్గర నుంచి "ఊఁ" అంది. పెనం మీద పెసరట్టు ఉంది.

"డెరీలో టిఫిన్ చేసి తొమ్మిదింటికి బయల్దేరతాం. బెల్‌ఫాస్ట్‌కి గంటన్నర. మధ్యాహ్నం ఫెర్రీ. రెండుంపావు గంటల్లో స్కాట్లండ్."

"కారు?"

"కారుతో సహా ఎక్కేయడమే. కారు కింద ఉంటుంది. మనం పైకెళ్ళి కూర్చుని కాఫీ తాగొచ్చు."

"పాపం, అది కిందెక్కడో ఒక్కతీ ఉంటుందన్నమాట," అంది కృష్ణకుమారి. పెసరట్టు ప్లేటులో వేసి తెచ్చి, అతని చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది. కళ్ళు మూసుకుంది.

మూడు నెలలుగా ఆ ఇంట్లో ఉదయాలు ఇలాగే గడుస్తున్నాయి. శ్యామ్‌సుందర్ డిసెంబరులో రిటైరయ్యాడు. అమెరికాలో డాలస్ దగ్గర రిచర్డ్‌సన్‌లో ఒక టెలికాం కంపెనీలో ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. అందులో పందొమ్మిదేళ్ళు బ్రిటన్, ఐర్లండ్‌లలోని టెలిఫోన్ ఎక్స్ఛేంజీల బాధ్యత అతనిది. ఫ్రిస్కోలోని ఇంట్లో కూర్చుని, తెల్లవారకముందే ఫోన్లో అక్కడివాళ్ళతో మాట్లాడేవాడు. ఓబన్‌లో వాన పడుతోందని అక్కడి ఇంజనీరు చెప్పేవాడు. ఇన్వర్నెస్‌లో మంచు కురిసిందని ఇంకొకతను చెప్పేవాడు. గాల్వేలో ఒకావిడ పని మొదలుపెట్టే ముందు ప్రతిసారీ తన కుక్క సంగతి చెప్పేది. కుక్క పోయిన రోజు కాల్ పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది. ఆ ఊళ్ళు ఒక్కటీ అతను చూడలేదు.

ఇప్పుడు చూడాలనుకున్నాడు. మే నెల మొత్తం. లండన్‌లో దిగి, కారు అద్దెకు తీసుకుని, వేల్స్ మీదుగా డబ్లిన్, అక్కడి నుంచి ఐర్లండ్ చుట్టూ తిరిగి, బెల్‌ఫాస్ట్‌లో పడవెక్కి స్కాట్లండ్, మళ్ళీ లండన్. ముప్ఫై రోజులు, ఇరవై ఆరు ఊళ్ళు. లాప్‌టాప్‌లో ఒక షీట్ తయారుచేశాడు. తేదీ, ఊరు, మైళ్ళు, బస, డ్రైవర్. డ్రైవర్ అన్న వరసలో ముప్ఫై గడుల్లోనూ తన పేరే రాసుకున్నాడు.

"పదిహేడో రోజు స్కై అనే దీవి," అన్నాడు. "ఇది విను. ఆ దీవిలో కొన్ని రోడ్లు ఒక కారుకే సరిపోతాయట. ఎదురుగా ఇంకో కారొస్తే ఎవరో ఒకరు పక్కకి తప్పుకోవాలి. తప్పుకోడానికి అక్కడక్కడా చోటు కట్టి ఉంచుతారట. నిద్రపోతున్నావా?"

"లేదు, వింటున్నాను. చదవండి."

ఆమె నిద్రపోవడం లేదు. కారు నడుపుతోంది. అతను రోజు నంబరు చదవగానే ఆమె బయల్దేరుతుంది. ఊరు దాటేదాకా రెండో గేరు. రోడ్డు తెరుచుకున్నాక మూడు. ఎత్తు వచ్చిన చోట మళ్ళీ రెండు. అటూ ఇటూ నీళ్ళు. ఆ నీళ్ళు స్కాట్లండ్‌వి కావు, ఏలూరు కాలువవి. ఆ కాలువ గట్టు మీద కూడా ఒక కారుకే చోటుండేది. ఎదురుగా ఎడ్లబండి వస్తే, ఆమె తల వెనక్కి తిప్పి, అంబాసిడర్‌ని రెండు ఫర్లాంగులు వెనక్కి నడిపేది. బండివాడు దాటుతూ తలపాగా సర్దుకునేవాడు. డింగిల్, కొనెమారా, ఓబన్ అన్ని దారులనూ ఆమె మూడు నెలల్లో ఆ గట్టు మీదుగానే వెళ్ళి వచ్చింది. ఈ సంగతి శ్యామ్‌సుందర్‌కి చెప్పలేదు.

శనివారం పది గంటలకి సంహిత వచ్చింది. ఒక్కతే కూతురు. ప్లేనోలో ఉంటుంది, ముప్ఫై ఒక్కేళ్ళు, బీమా కంపెనీలో పని. వచ్చీ రావడంతోనే పెసరట్టు తుంచి నోట్లో పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. బుకింగులన్నీ ఒకసారి చూసిపెట్టమని తండ్రే అడిగాడు.

"ఫ్లైట్స్ ఓకే. స్టే చేసే బీ అండ్ బీలు ఓకే. ఫెర్రీ ఓకే." కాసేపాగింది. "నాన్నా, వన్ సెకండ్. ఈ కార్ స్టిక్ షిఫ్ట్."

"అంటే?"

"మాన్యువల్. క్లచ్ ఉంటుంది. గేర్లు నువ్వే వేయాలి. బుక్ చేసేప్పుడు చూడలేదా?"

శ్యామ్‌సుందర్ లేచి వచ్చి తెర మీదికి వంగాడు. అమెరికాలో ముప్ఫై ఏళ్ళుగా కార్లు అద్దెకి తీసుకుంటున్నాడు. గేర్ల సంగతి చూడాలని ఎప్పుడూ తట్టలేదు. సైజు చూశాడు, సామాను పట్టే చోటు చూశాడు, నెల రోజులకి బుక్ చేశాడు. మాన్యువల్ అన్న మాట సామాను సంచి బొమ్మ పక్కనే ఉంది.

"మార్చేద్దాం," అన్నాడు.

సంహిత కంపెనీకి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. అవతలి మనిషి అయిదు నిమిషాలు వెతికాడు. నెల రోజులకి, పడవ మీద ఐర్లండ్ తీసుకెళ్ళే అనుమతితో, ఆ తేదీల్లో ఆటోమేటిక్ కారు ఒక్కటీ లేదన్నాడు. ఇంకో రెండు కంపెనీలు కూడా అదే చెప్పాయి.

"నేను నేర్చుకుంటా," అన్నాడు శ్యామ్‌సుందర్. "విజయవాడలో ఎనిమిదేళ్ళు చేతక్ స్కూటర్ నడిపాను. గేర్లు నాకు కొత్త కాదు."

"ఈ కార్‌కి హ్యాండిల్ ఉండదు నాన్నా. పైగా రాంగ్ సైడ్‌లో డ్రైవ్ చేయాలి. సిక్స్ వీక్సే ఉంది. నీకు అరవై అయిదు. నో."

"రాంగ్ సైడ్ కాదు, ఎడం సైడ్," అంది కృష్ణకుమారి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

"బస్ టూర్ ఉంది నాన్నా. ట్వెల్వ్ డేస్. అందరూ సీనియర్సే. హోటల్ దగ్గర పికప్ చేస్తారు. లండన్, ఎడిన్‌బరా, డబ్లిన్. నువ్వేం చేయక్కర్లేదు."

"ఓబన్ ఉందా?"

సంహిత తెర మీద వెతికింది. "లేదు."

"గాల్వే?"

"లంచ్ స్టాప్."

శ్యామ్‌సుందర్ మ్యాపు మీంచి ఉప్పు డబ్బా తీశాడు. కళ్ళజోడు పెట్టె తీశాడు. ఒక మూల పైకి లేచి చుట్టుకుంది.

"నేను నడుపుతాను," అంది కృష్ణకుమారి.

ఇద్దరూ ఆమె వైపు చూశారు. శ్యామ్‌సుందర్ ముందుగా నవ్వాడు. కోపంతో కాదు, వెక్కిరించాలనీ కాదు. అలవాటుగా వచ్చిన నవ్వు. ఆ నవ్వు వెనకే అలవాటైన మాట కూడా వచ్చింది.

"మీ అమ్మ నెల రోజుల్లో రిచర్డ్‌సన్‌ని ఏలూరు చేసేసింది. ఇక బ్రిటన్ ఎంతసేపు."

సంహిత కూడా చిన్నగా నవ్వింది. ఆ కథ ఆమెకి కంఠతా వచ్చు. ప్రతి పాట్‌లక్ విందులోనూ, ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ విన్నదే. 1998లో, లైసెన్సు వచ్చిన నెలకే, అమ్మ ఇండియన్ గ్రోసరీ నుంచి బయటికి వస్తూ, అమెరికాలో ఉన్న సంగతి మర్చిపోయి ఎడం వైపు లేన్‌లోకి తిరిగింది. ఎదురుగా ట్రక్కు. కారు గడ్డిలోకి దింపి ఆపింది. ఎవరికీ గీత కూడా పడలేదు. వెనక సీట్లో నాలుగేళ్ళ సంహిత చేతిలోని బిస్కట్లు కింద పడ్డాయి. కథ అయిపోగానే అందరూ నవ్వుతారు. అమ్మ కూడా నవ్వుతూ ఇంకాస్త పులిహోర వడ్డిస్తుంది.

ఈసారి కృష్ణకుమారి నవ్వలేదు. పెనం కింద మంట ఆపింది.

"ఆ కథ ఇక చాలు," అంది.

"ఊరికే అన్నాను కుమారీ."

"ఊరికే అన్నారనే ఇరవై ఏడేళ్ళు ఊరుకున్నాను. ఆ రోజు తప్పు నాదే. అరవై గజాలు తప్పు లేన్‌లో నడిపాను. పిల్ల వెనకాల ఉంది. ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి. ఆ సాయంత్రం మీరు మేకుకి తగిలించిన కారు తాళం తీసి మీ గుత్తిలో వేసుకున్నారు. ఇక నేనే దింపుతాలే అన్నారు. నేను సరేనన్నాను. అంతవరకూ న్యాయంగానే ఉంది. ఆ తాళం మళ్ళీ ఎప్పుడు ఇస్తారో మీరు చెప్పలేదు. నేను అడగలేదు."

శ్యామ్‌సుందర్ కాఫీ కప్పు కూడా మ్యాపు మీంచి తీశాడు.

"అమ్మా, నీకు స్టిక్ వచ్చా?" అంది సంహిత.

"మీ తాతగారు ఏలూరు పవర్‌పేటలో డ్రైవింగ్ స్కూలు నడిపారు. రెండు అంబాసిడర్లు. ఆడవాళ్ళు మగ మాస్టారి పక్కన కూర్చోమనేవాళ్ళు. డిగ్రీ అయ్యాక నన్ను పెట్టారు. పెళ్ళయ్యేదాకా అయిదేళ్ళు నేర్పాను. నలభై ఒక్క మందికి. అందులో ఒకావిడ తర్వాత అంబులెన్స్ నడిపింది."

"మీరెవరూ నాకు చెప్పలేదు," అంది సంహిత. కొంచెంసేపు తల్లిని చూసింది. "నాకు ఫిఫ్టీన్ అప్పుడు నాన్న నేర్పారు కదా. నువ్వు బ్యాక్ సీట్‌లో ఉండేదానివి. నెమ్మదిగా ఏదో అనేదానివి. ముందు అద్దం చూడు, తర్వాత భుజం మీంచి చూడు అని. నేను ఇప్పటికీ తెలుగులోనే అనుకుంటా అది. లేన్ మారినప్పుడల్లా."

కృష్ణకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట మాత్రం ఆగలేదు.

"స్కూలు కారులో నేర్పేవాళ్ళు ఎడం వైపు కూర్చుంటారు. నడిపేవాళ్ళు కుడి వైపు. ఇక్కడ ముప్ఫై మూడేళ్ళుగా మీ పక్కన కుడి వైపు సీట్లో కూర్చుంటున్నానండీ. నా ఒంటికి అది డ్రైవర్ సీటే. స్టీరింగ్ లేదంతే. మీరు వెళ్దామంటున్న దేశంలో ఆ సీటు ముందు స్టీరింగ్ ఉంటుంది."

శ్యామ్‌సుందర్ మ్యాపు మడిచాడు. కుదురుగా మడతపడలేదు. అలాగే అలమరాలో పెట్టి, మొక్కలకి నీళ్ళు పెట్టడానికి వెనక్కి వెళ్ళాడు. ముందురోజే పెట్టిన నీళ్ళు ఇంకా ఆరలేదు.

ఆదివారం నుంచి బుధవారం దాకా ఇంట్లో మాటలు తగ్గాయి. పాలు అయిపోయాయి అంది ఆమె. తెస్తాను అన్నాడు అతను. ఏడున్నరకి కాఫీ తాగారు. టేబుల్ మీద ఏమీ లేదు. పదిహేడో రోజు తర్వాత ఏ ఊరో కృష్ణకుమారికి తెలుసు. పెసరట్టు తిప్పుతూ తనలో తాను చదువుకుంది. పోర్ట్రీ, ఇన్వర్నెస్. అతను చదివితేగానీ కారు కదల్లేదు.

గురువారం శ్యామ్‌సుందర్ గరాజ్‌లో కారు శుభ్రం చేశాడు. తొమ్మిదేళ్ళ కారు. మ్యాట్లు తీసి బయట వేశాడు. తన వైపు మ్యాటు మడమ ఆనే చోట అరిగింది. వెనక సీటు మ్యాట్లు కొత్తవాటిలా ఉన్నాయి. పక్క సీటు మ్యాటు ఎత్తి చూశాడు. కుడి పక్కన, ముందు భాగంలో, రూపాయి బిళ్ళంత చోట రబ్బరు పూర్తిగా అరిగి చిల్లు పడింది. ఆ మ్యాటు అంతకుముందు రెండుసార్లు మార్చాడు. రెండోసారి కంపెనీకి ఉత్తరం కూడా రాశాడు, నాసిరకం సరుకు అని.

మ్యాటు మళ్ళీ దాని చోట పరిచాడు. పక్క సీట్లో తను కూర్చున్నాడు. ఆ సీట్లో అతను ఎప్పుడోగానీ కూర్చోడు. కుడి కాలు చాచాడు. పాదం నేరుగా ఆ చిల్లు మీదికి వెళ్ళింది. తీసి మళ్ళీ చాచాడు. మళ్ళీ అక్కడికే వెళ్ళింది. కుడి వైపు స్టీరింగ్ ఉన్న కారులో బ్రేకు ఉండే చోటు అది.

టోల్‌వే మీద ముందు కార్లకి ఎర్ర లైట్లు వెలిగినప్పుడు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తున్నదని అనుకునేవాడు. మెల్లగా వెళ్ళండి అని ఒక్కసారి కూడా అనలేదు. పార్టీల నుంచి తిరిగి వచ్చేటప్పుడు, అదే కథ చెప్పి అందరినీ నవ్వించి తిరిగి వచ్చేటప్పుడు, అతను బ్రేకు నొక్కిన ప్రతిసారీ ఆమె కూడా నొక్కింది. అతనికంటే ముందే నొక్కి ఉంటుంది.

గరాజ్ తలుపు తెరిచే ఉంది. ఉత్తరాలు పంచే మనిషి వెళ్తూ చెయ్యి ఊపాడు. శ్యామ్‌సుందర్ చెయ్యి ఊపలేదు. ఇరవై నిమిషాలు ఆ సీట్లోనే కూర్చున్నాడు.

నాలుగిళ్ళ అవతల ఉషా ఉంటుంది. మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఆమె దగ్గర పందొమ్మిదేళ్ళ నాటి సివిక్ ఉంది, గేర్లది. మొదటి ఉద్యోగం రోజుల్లో కొన్న కారు కాబట్టి అమ్మదు. శ్యామ్‌సుందర్ వెళ్ళి తలుపు తట్టాడు.

"ఆదివారం పొద్దున్న రెండు గంటలు నీ కారు కావాలమ్మా."

"మీరు స్టిక్ నేర్చుకుంటున్నారా అన్నయ్యగారూ? క్లచ్ జాగ్రత్త."

"నాకు కాదు. కృష్ణకుమారికి. నేర్చుకోడానికి కూడా కాదు."

ఉషా ఇంకేమీ అడగకుండా లోపలికెళ్ళి తాళం తెచ్చింది.

ఆదివారం ఏడున్నరకి మ్యాపు మళ్ళీ టేబుల్ మీదికి వచ్చింది. ఈసారి మూడు బరువులే ఉన్నాయి. నాలుగో మూల మీద కారు తాళం ఉంది. కృష్ణకుమారి కాఫీ తెచ్చి, తాళం చూసి ఆగింది.

"ఎవరిదండీ ఇది?"

"ఉషాది. సివిక్." శ్యామ్‌సుందర్ మ్యాపు వైపు చూస్తూ మాట్లాడాడు. "ఆ రోజు తాళం నిన్ను అడగకుండా తీసుకున్నాను. భయమేసింది. పిల్ల ఉంది కదా కారులో. ఆ భయం అందరి ముందూ ఒప్పుకోలేక కథ చేశాను. కథకి జనం నవ్వారు. ఇక చెబుతూనే ఉన్నాను." తల ఎత్తాడు. "మ్యాటు చూశాను కుమారీ."

ఆమె తాళం చేతిలోకి తీసుకుంది. బరువు చూస్తున్నట్టు కాసేపు పట్టుకుంది.

"లైసెన్సు నా పర్సులోనే ఉంది," అంది. "గడువు తీరినప్పుడల్లా రెన్యూ చేయించుకుంటూనే ఉన్నాను. ఐడీ కోసమని మీరనుకున్నారు."

సంహితకి ఫోన్ చేశారు. ఆమె నేరుగా ఉషా పనిచేసే స్కూలు దగ్గరికి వచ్చింది. సివిక్‌ని ఉషా తన రెండో తాళంతో ముందే అక్కడ పెట్టి వెళ్ళింది. పార్కింగ్ స్థలం ఖాళీగా ఉంది. తెల్ల గీతలు, దీపస్తంభాలు, దూరంగా పసుపు బస్సుల వరస. ఆకాశం మబ్బు పట్టి ఉంది. గాలిలో చినుకు ఉందో లేదో తెలియడం లేదు. "ఓబన్ వెదర్," అన్నాడు శ్యామ్‌సుందర్.

కృష్ణకుమారి ఎడం వైపు కూర్చుంది. అతను కుడి వైపు. సంహిత వెనక.

ఆమె సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. క్లచ్ తొక్కి గేరు కోసం ఎడం చెయ్యి చాచింది. చెయ్యి తలుపుకి తగిలింది. వెనక నుంచి సంహిత ఏదో అనబోయి ఆగింది. కృష్ణకుమారి కుడి చేత్తో గేరు వేసింది. కారు ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ తాళం తిప్పింది. మళ్ళీ ఆగిపోయింది.

"నలభై ఒక్క మందికీ ఇలాగే ఆగిపోయింది," అంది ఆమె, అద్దంలో కూతుర్ని చూస్తూ. "మూడోసారి కదులుతుందని చెప్పేదాన్ని."

మూడోసారి కదిలింది. ఒక దీపస్తంభం దాటాక రెండో గేరు పడింది, చప్పుడు లేకుండా. చివరిదాకా వెళ్ళి, మలుపులో వేగం తగ్గించి, ఎడం గీత పట్టుకుని తిరిగి వచ్చింది. ఆ గీత వదల్లేదు. రెండో చుట్టు, మూడో చుట్టు. ఆమె భుజాలు కిందికి దిగాయి. సంహిత కిటికీ దించింది. తల్లిని ఆ సీట్లో ఆమె చూడటం నాలుగేళ్ళ వయసు తర్వాత ఇదే. అప్పటిది ఆమెకి గుర్తులేదు.

నాలుగో చుట్టులో బస్సుల వైపు మలుపు దగ్గరపడింది. కృష్ణకుమారి బ్రేకు మీద పాదం పెట్టబోతూ పక్కకి చూసింది. శ్యామ్‌సుందర్ కుడి కాలు చాచి, కింద మ్యాటుని బలంగా నొక్కుతున్నాడు.

"అక్కడ బ్రేకు లేదండీ," అంది.

"తెలుసు," అన్నాడు. కాలు మాత్రం తీయలేదు. "ఇన్నేళ్ళూ లేకుండా ఎలా కూర్చున్నావు?"

ఆమె మలుపు తిరిగింది. ఎడం చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంది. ముందు రోడ్డు తిన్నగా ఉంది.

"పదిహేడో రోజు దగ్గర ఆపేశారు," అంది. "చదవండి."

శ్యామ్‌సుందర్ జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. షీట్ ప్రింటు. డ్రైవర్ వరసలో తన పేరు ముప్ఫై చోట్లా కొట్టేసి ఉంది. పైన ఆమె పేరు పెన్నుతో రాసి ఉంది. కృష్ణకుమారి అనే పేరు ఆ గడిలో పట్టక ప్రతిచోటా పక్క గడిలోకి వెళ్ళింది. ఆ కాగితం ఆమెకి చూపించలేదు. ఆమె రోడ్డు చూస్తోంది.

"పద్దెనిమిదో రోజు," అని మొదలుపెట్టాడు. "పోర్ట్రీ నుంచి తొమ్మిదింటికి బయల్దేరతాం. ఇన్వర్నెస్‌కి మూడు గంటలు. కుడివైపు నీళ్ళుంటాయి."

ఆమె మూడో గేరు వేసింది.